మతాంతర ప్రేమకథల్లో విశ్వాసి ఏడీ?

ఒక మతం అబ్బాయి, ఇంకో మతం అమ్మాయి ప్రేమించుకుంటే ఆ కథను నవ్విస్తూ చెప్పవచ్చా అన్న తగువు తెరకు కొత్త కాదు. అయితే గత ఐదారేళ్లలో అది బాగా చిక్కుపడింది. 2020 అక్టోబరులో తనిష్క్ నగల సంస్థ ఒక టీవీ ప్రకటన విడుదల చేసింది. ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం జరుగుతుంది, అంతే కథ. 'లవ్ జిహాద్' అంటూ సామాజిక మాధ్యమాల్లో దాడి మొదలవగానే సంస్థ దాన్ని వెనక్కి తీసుకుంది. మరుసటి నెలలోనే 'ఎ సూటబుల్ బాయ్' సిరీస్‌లో గుడి ఆవరణలో ముద్దు సన్నివేశం ఉందని మధ్యప్రదేశ్‌లో నెట్‌ఫ్లిక్స్ ప్రతినిధుల మీద కేసు పెట్టారు. 2023 డిసెంబరులో వచ్చిన తమిళ చిత్రం 'అన్నపూరణి'లో శ్రీరంగం బ్రాహ్మణుల ఇంటి ఆడపిల్ల మాంసం వండటం, ముస్లిం స్నేహితుడు ఆమెకు తోడుగా నిలవడం వివాదమయ్యాయి. 2024 జనవరిలో ఆ సినిమాను ఓటీటీ నుంచి తీసేశారు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా సిరీస్ 'నోబడీ వాంట్స్ దిస్' వచ్చింది. యూదు పురోహితుడైన రబ్బీకి, ఏ మతమూ పట్టని అమ్మాయికి మధ్య నడిచే ఆ ప్రేమకథను ఇక్కడ కూడా చాలామంది చూశారు.

మన దగ్గర జరిగిన గొడవలన్నీ 'చూపించవచ్చా, కూడదా' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఇంతకీ చూపిస్తున్నది ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. మన రొమాంటిక్ కామెడీల్లో మతానికి లోటు లేదు. గుడి ఉంది, చర్చి ఉంది, జంధ్యం ఉంది, శిలువ ఉంది. మతాన్ని మనసారా నమ్మే ప్రేమికులే లేరు. నమ్మకం ఎప్పుడూ తండ్రిది, మేనమామది, ఊరిది. ప్రేమించిన ఇద్దరికీ అది అడ్డుగోడ మాత్రమే. ఈ వ్యాసం వాదన ఇదే. దీన్ని నిలబెట్టాలంటే చెన్నై స్టూడియోల నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే తెలుగువాళ్లకూ తమిళులకూ ఈ కథల అచ్చు తయారైంది అక్కడే.

జంధ్యం, శిలువ, జంట పేర్లు

తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, 1978లో, కె.బాలచందర్ 'మరో చరిత్ర' తీశారు. అందులో తేడా మతంలో కాదు, భాషలో. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. కానీ పక్కపక్క ఇళ్లు, ఒకరి తిండి ఒకరికి గిట్టని పెద్దలు, ప్రేమికులకు గడువు పెట్టే కుటుంబాలు అన్న చట్రం అక్కడే గట్టిపడింది. 1981లో భారతీరాజా ఆ చట్రంలోకి మతాన్ని తెచ్చారు. తమిళంలో 'అలైగళ్ ఓయ్‌వదిల్లై', తెలుగులో పూర్ణోదయా వారి 'సీతాకోకచిలుక'. బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. చివర్లో అతను జంధ్యం తెంచేస్తాడు, ఆమె మెడలోని శిలువ తీసేస్తుంది, ఇద్దరూ ఊరు విడిచి నడుస్తారు. తెలుగు చిత్రానికి ఉత్తమ ప్రాంతీయ చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

ఆ ముగింపును ఇప్పటికీ ప్రగతిశీలమైనదని మెచ్చుకుంటారు. దాని ధైర్యాన్ని కాదనలేం. కానీ కాస్త ఆగి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసుకోవాలంటే వధూవరులిద్దరూ తాము హిందూ, క్రైస్తవ, ముస్లిం తదితర మతాలేవీ పాటించడం లేదని ప్రకటించాలి. అంటే మతం వదిలితేనే మతాంతర వివాహం. స్వతంత్ర భారతం 1954లో కొత్త చట్టం తెచ్చి ఆ షరతు ఎత్తేసింది. ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే పెళ్లాడవచ్చు అంది. చట్టం 1954లో వదిలేసిన షరతును తెర 1981లో మళ్లీ పెట్టింది, మనం చప్పట్లు కొట్టాం. ఆ అమ్మాయికి శిలువ అంటే ఏమిటో, ప్రార్థన చేసుకునేటప్పుడు ఆమె ఏమి కోరుకునేదో సినిమా అడగదు. తీసేయడానికే అది ఆమె మెడలో ఉంది.

1995లో మణిరత్నం 'బొంబాయి' ఇంకో దారి చూపింది. అది కామెడీ కాదు, 1992-93 అల్లర్ల కథ. అయినా దాని నడుమ భాగంలో ఇద్దరు తాతలు మనవల కోసం పోటీపడే ఘట్టం మంచి హాస్యం. కవలల పేర్లు కబీర్ నారాయణ్, కమల్ బషీర్. తాతల పేర్లు చెరొకరికీ వచ్చాయి. వదులుకోవడం బదులు పంచుకోవడం అన్నమాట. ఆ సినిమా తర్వాత మద్రాసులో దర్శకుడి ఇంటి మీద బాంబులు విసిరారంటే, ఆ పంపకం కొందరికి ఎంత మింగుడుపడలేదో తెలుస్తుంది. అయితే అక్కడ కూడా నమాజూ పూజా తాతల సొత్తే. తల్లిదండ్రులిద్దరూ సద్భావం నిండిన మనుషులు, భక్తులు కారు.

ఈ వరసలో నిజంగా భిన్నమైనది 1997 నాటి ఏవీఎం చిత్రం 'మిన్సార కనవు', తెలుగులో 'మెరుపు కలలు'. రాజీవ్ మేనన్ తీసిన ఈ రొమాంటిక్ కామెడీలో నాయిక ప్రియకు సన్యాసిని కావాలని ఉంటుంది. ఆమె మనసు మార్చడానికి, ఆమెను ప్రేమించే థామస్ ఒక క్షురకుణ్ణి పురమాయిస్తాడు, చివరికి ఆమె ప్రేమించేది ఆ క్షురకుణ్ణే. మతనిష్ఠ తల్లిదండ్రుల ఒత్తిడిగా కాక నాయిక సొంత కోరికగా కథ నడిమధ్యకు వచ్చిన అరుదైన సందర్భం ఇది. కానీ కథ ఆ కోరికను తీరని దాహంగా చూడదు, కరిగించాల్సిన మంచులా చూస్తుంది. చివర్లో థామస్ ఫాదర్ అవుతాడు. ప్రేమ దక్కినామెకు దైవపిలుపు పోయింది, ప్రేమ దక్కనివాడికి దైవపిలుపు వచ్చింది. రెండూ ఒక్క మనిషిలో ఉండలేవన్నది ఆ సినిమా నమ్మకం. ఇంత హాయిగా నవ్వించే కథలో అంత కఠినమైన తీర్పు ఉందని చూసేటప్పుడు మనకు తట్టదు.

2010లో గౌతమ్ మేనన్ ఒకే కథను ఒకే రోజున రెండు భాషల్లో విడుదల చేశారు. తమిళ 'విణ్ణైతాండి వరువాయా'లో ప్రేమికులు విడిపోతారు, తెలుగు 'ఏ మాయ చేసావె'లో కలుస్తారు. రెండింటిలోనూ మలయాళీ క్రైస్తవ నాయిక జెస్సీ చర్చిలో పీటల దాకా వచ్చి పెళ్లి వద్దంటుంది. ఈ ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. చాలా క్రైస్తవ శాఖల వివాహ విధిలో వధువు తన నోటితో సమ్మతి చెప్పాలి, చెప్పకపోతే పెళ్లే లేదు. జెస్సీకి కాదనే హక్కు ఇచ్చింది ప్రేమ ఒక్కటే కాదు, ఆ విధి కూడా. తండ్రి మతం అనుకున్నదే ఆమెకు మాట్లాడే చోటయింది. మొత్తం నలభై ఏళ్ల ఈ కథల్లో మతం లోపలి నుంచి ఒక ప్రేమికురాలికి బలం దొరికిన ఘడియ నాకు తెలిసినంతలో ఇదొక్కటే. సినిమా మాత్రం దాన్ని గమనించినట్టు లేదు, వెంటనే ప్రియుడి వైపు తిరిగిపోతుంది.

తర్వాతివి త్వరగా చెప్పుకోవచ్చు. 2022లో 'అంటే సుందరానికీ' బ్రాహ్మణ సుందర్‌నూ క్రైస్తవ లీలా థామస్‌నూ కలపడానికి పెద్దల దగ్గర రెండు అబద్ధాలు ఆడిస్తుంది. పూజలూ జాతకాలూ ప్రార్థనలూ అన్నీ పెద్దలవి, అబద్ధాలు మాత్రం పిల్లలవి. 2023లో 'ఖుషి' మతాన్ని వదిలి ఆస్తికత్వం, నాస్తికత్వం అన్న పోటీ పెట్టింది. హోమం చేయాలా వద్దా అన్న తగువు ఇద్దరు వియ్యంకులది. 2022 నాటి 'మోడ్రన్ లవ్ హైదరాబాద్'లో నగేశ్ కుకునూర్ తీసిన భాగం, పెళ్లి వల్ల దూరమైన ముస్లిం తల్లీకూతుళ్లను లాక్‌డౌన్‌లో ఒక ఇంట్లో పెట్టి, వంట ద్వారా దగ్గర చేస్తుంది. సున్నితమైన కథ. అయినా సర్దుబాటు జరిగేది తల్లికీ కూతురికీ మధ్య, భార్యకూ భర్తకూ మధ్య కాదు.

సీరియల్‌కు భక్తి, సినిమాకు ప్రేమ

ఇక రోజువారీ సీరియల్. 1993లో సన్ టీవీ, 1995లో జెమిని చెన్నై నుంచే మొదలయ్యాయి. రెండు భాషల ఇళ్లలోనూ సాయంత్రాలను సీరియళ్లు ఆక్రమించాయి. వాటిలో భక్తికి కొదవ లేదు. నాయిక దీపం పెట్టని రోజు ఉండదు, వ్రతం లేని నెల ఉండదు, వరలక్ష్మీ వ్రతమో ఆడి మాసమో వస్తే కథ కూడా ఆ పండుగ చుట్టూ తిరుగుతుంది. ఆమె దేవుడితో మాట్లాడుతుంది, అలుగుతుంది, మొక్కుకుంటుంది. తెర మీద నిజమైన విశ్వాసి ఎవరైనా ఉన్నారంటే ఆ సీరియల్ కోడలే. కానీ ఆమె ప్రేమకు మతం గడప అడ్డురాదు, ఎందుకంటే ఆమె లోకంలో ఇంకో మతం ఇల్లే దాదాపు ఉండదు. స్పాన్సర్ల భయం, మతాలను కించపరచరాదన్న కేబుల్ టీవీ కార్యక్రమాల నియమావళి, ఏళ్ల తరబడి సాగే కథలో ఎవరినీ నొప్పించకూడదన్న వ్యాపార జాగ్రత్త, ఇవన్నీ కలిసి ఆ గోడ కట్టాయి.

ఇలా పంపకం జరిగిపోయింది. నమ్మే స్త్రీ సీరియల్‌లో ఉంది, ఆమెకు మతాంతర ప్రేమ లేదు. మతాంతర ప్రేమ రొమాంటిక్ కామెడీలో ఉంది, అక్కడ నమ్మేవాళ్లు లేరు. ఈ రెండు పెట్టెలను ఎవరూ కలిపి తెరవలేదు.

బయటి నగరం చూస్తే ఇది మరీ వింతగా కనిపిస్తుంది. చెన్నైలో మంగళవారం ఆర్మేనియన్ వీధిలోని సెయింట్ ఆంటోనీ చర్చికి వెళ్లే జనంలో హిందువులు బోలెడుమంది. బీసెంట్ నగర్ తీరంలో వేళాంకణ్ణి మాత గుడికీ, అష్టలక్ష్మి కోవెలకూ నడిచి వెళ్లేంత దూరం. రెండింటికీ మొక్కేవాళ్లు ఉన్నారు. అదే జనం పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. 2019-20లో దాదాపు 30,000 మందిని ప్యూ రీసెర్చ్ సెంటర్ దేశవ్యాప్తంగా అడిగితే, పెళ్లయిన హిందువుల్లో 99 శాతం, ముస్లింలలో 98 శాతం, క్రైస్తవుల్లో 95 శాతం తమ జీవిత భాగస్వామిది కూడా తమ మతమేనన్నారు. ఊరి జనం మొక్కుల్లో మతం దాటుతారు, పెళ్లిలో దాటరు. తెర దీన్ని తలకిందులు చేసింది. పెళ్లిలో దాటిస్తుంది, మొక్కుల్లో దాటించదు.

అమెరికా టీవీ దారి

అమెరికాలో ఈ చర్చ వందేళ్ల నాటిది. యూదు అబ్బాయి, ఐరిష్ కాథలిక్ అమ్మాయి జంటగా 'ఏబీస్ ఐరిష్ రోజ్' నాటకం 1922లో బ్రాడ్‌వే ఎక్కింది. 1972లో సీబీఎస్ అదే జోడీతో 'బ్రిడ్జెట్ లవ్స్ బర్నీ' అనే హాస్య ధారావాహిక వేసింది. ఆ ఏడాది రేటింగ్‌లలో అది ఐదో స్థానంలో నిలిచింది. అయినా యూదు మతసంస్థలు తీవ్రంగా వ్యతిరేకించడంతో 24 భాగాలతోనే ఆగిపోయింది. మతాంతర వివాహాన్ని ఏ బాధ్యతా లేని సరదాగా చూపించారన్నది వాళ్ల ఆరోపణ. 2003లో 'సెక్స్ అండ్ ద సిటీ'లో షార్లెట్ ప్రేమ కోసం యూదు మతం తీసుకుంటుంది. 2019లో బ్రిటిష్ 'ఫ్లీబ్యాగ్' రెండో సిరీస్‌లో కాథలిక్ ప్రీస్టు ప్రేమను ఒప్పుకుని కూడా దేవుణ్ణే ఎంచుకుంటాడు.

'నోబడీ వాంట్స్ దిస్'ను ఈ వరసలో పెట్టి చూస్తే దాని అసలు కొత్తదనం తెలుస్తుంది. నోవా రబ్బీ. మతం అతని తల్లిదండ్రుల పట్టుదల కూడా, కానీ అంతకంటే ముందు అతని వృత్తి, ఇష్టం. ఒక భాగంలో అతను రెస్టారెంటులోనే తన ప్రేయసి జోవాన్ కోసం అప్పటికప్పుడు షబ్బాత్ దీపాలు వెలిగిస్తాడు. తనకు ప్రాణమైనదాన్ని ప్రియురాలికి చూపించే ప్రయత్నం అది. ఆమె వింటుంది, కదిలిపోతుంది, అయినా మొదటి సీజన్ చివర మతం మారలేనని చెప్పేస్తుంది. యూదు స్త్రీలను ఈ సిరీస్ గయ్యాళులుగా చూపిందన్న విమర్శ బలమైనదే, నేనూ ఒప్పుకుంటాను. ప్రేమించినవాడే విశ్వాసి అయితే కథ ఎంత లోతుకు పోగలదో మాత్రం అది చూపించింది.

మూడు వాదాలు, వాటి బలం

ఈ చర్చలో ముఖ్యంగా మూడు పక్షాలున్నాయి. మొదటిది హేతువాదుల పక్షం. తమిళనాట దీనికి ఆత్మగౌరవ ఉద్యమం వెన్నుదన్ను. పురోహితుడు లేని పెళ్లిని పెరియార్ ప్రచారం చేశారు, 1967లో అన్నాదురై ప్రభుత్వం దానికి చట్టబద్ధత ఇచ్చింది. వీళ్ల దృష్టిలో 'సీతాకోకచిలుక' ముగింపే సరైనది, ప్రేమకు అడ్డొచ్చే మతం పోవాల్సిందే. రెండోది సముదాయ పక్షం. ఇందులో రెండు రకాల మనుషుల్ని కలిపి చూడటం అన్యాయం. 'లవ్ జిహాద్' అంటూ ప్రకటనలు ఆపించేవాళ్లది బెదిరింపు, దాన్ని వాదంగా లెక్కకట్టలేం. తమ సంఖ్య తగ్గిపోతుందనో, పిల్లలు ఏ ప్రార్థన నేర్చుకుంటారనో బెంగపడే అల్పసంఖ్యాకులది నిజమైన ఆందోళన. 2020 ప్యూ అధ్యయనం ప్రకారం అమెరికాలో 2010 తర్వాత పెళ్లాడిన యూదుల్లో 61 శాతం మంది బయటి మతస్థుల్నే చేసుకున్నారు. ఆ లెక్క తెలిసినవాళ్ల భయాన్ని ఛాందసమని కొట్టిపారేయలేం. మూడోది ప్రాతినిధ్య విమర్శకుల పక్షం. ఎవరు ఎవరింటికి వెళ్తున్నారని వీళ్లు అడుగుతారు. పైన చెప్పిన 'సీతాకోకచిలుక', 'బొంబాయి', 'ఏ మాయ చేసావె', 'అంటే సుందరానికీ' నాలుగింటిలోనూ అబ్బాయి హిందువు, అమ్మాయి అల్పసంఖ్యాక మతస్థురాలు. తనిష్క్ ప్రకటన దాన్ని తిరగేయగానే నిలవలేకపోయింది.

మూడు పక్షాలకూ ఒక ఒప్పందం ఉంది, వాళ్లకే తెలియకుండా. మతమంటే గుంపు అని ముగ్గురూ అనుకుంటున్నారు. హేతువాది గుంపును వదలమంటాడు, సముదాయవాది కాపాడమంటాడు, విమర్శకులు గుంపుల మధ్య తూకం చూస్తారు. ఒక మనిషి ఒంటరిగా మోకరిల్లి కోరుకునేదేమిటన్న ప్రశ్న ముగ్గురి లెక్కలోనూ లేదు.

అభ్యంతరాలు

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మన దగ్గర మతమంటే ఆచారం, కుటుంబం, పండుగ. మనసులో నమ్మకం అన్న కొలత పాశ్చాత్యుల నుంచి, అందులోనూ ప్రొటెస్టెంట్ క్రైస్తవం నుంచి అరువు తెచ్చుకున్నది కదా అంటారు. మాట నిజం. అందుకే నేను అడుగుతున్నది ఆచారం గురించే. ప్రేమికుడు తనంతట తాను శనివారం ఒంటిపూట ఉండటం, ప్రేమికురాలు రంజాన్ నెలలో సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు ముట్టకపోవడం, ఆదివారం పొద్దున సినిమా కంటే పూజాబలి ముఖ్యమనుకోవడం, ఇవి ఆచారాలే. ఇవి తెర మీద తాతల పేరున ఉన్నాయి, ప్రేమికుల పేరున లేవు. కామెడీకి ఇవి బంగారు గనులు కూడా. ఉపవాసం రోజున భోజనానికి పిలిచిన ప్రియుడి ఇబ్బందిలో నవ్వూ ఉంది, ప్రేమా ఉంది.

భక్తుల్ని ప్రేమకథల్లో పెడితే ఛాందసులకు బలం చేకూరుతుందని ఇంకొందరి భయం. నాకు దీనికి వ్యతిరేకంగా తోస్తుంది. ప్రేమించేవాళ్లు మతం లేనివాళ్లేనని తెర నలభై ఏళ్లుగా చెబుతుంటే, ప్రేమిస్తే మతం పోతుందన్న భయాన్ని అది రోజూ ధ్రువీకరిస్తున్నట్టే. నమ్మకం ఉన్న అమ్మాయి ఇంకో మతం అబ్బాయిని ప్రేమించి, తన ప్రార్థన మానకుండా కాపురం చేయడం ఆ భయానికి అసలైన జవాబు.

తేలనివి

చట్టం విషయంలో మన కథలు ప్రమాదకరమైన అబద్ధం చెబుతున్నాయి. గుళ్లో తాళి కడితే పెళ్లయిపోయిందని ఏళ్లుగా నమ్మించాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవుడు హిందూ స్త్రీకి గుడిలో కట్టిన తాళి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని తేల్చింది. ఆ చట్టానికి ఇద్దరూ హిందువులై ఉండాలి. తమిళనాడు ఆత్మగౌరవ వివాహానికీ అదే హద్దు. మతం మారకుండా ఉండాలంటే 1954 చట్టమే ప్రధానమైన దారి, దానికి 30 రోజుల ముందస్తు నోటీసు కావాలి. పేర్లు రిజిస్ట్రారు ఆఫీసులో అంటించి ఉన్న ఆ నెల రోజుల్లో జంటలు ఎంత భయపడతాయో మన కామెడీలేవీ చూపలేదు.

పిల్లల సంగతి ఇంకా తేలలేదు. కాథలిక్ చర్చి అన్యమతస్థులతో పెళ్లికి బిషప్ అనుమతి అడుగుతుంది. పిల్లలకు బాప్తిస్మం ఇప్పించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని కాథలిక్ భాగస్వామి మాట ఇవ్వాలి. సంప్రదాయ సున్నీ ధర్మశాస్త్రం ముస్లిం పురుషుడికి క్రైస్తవ, యూదు స్త్రీలతో పెళ్లిని ఒప్పుకుంటుంది, ముస్లిం స్త్రీకి అన్యమత పురుషుడితో ఒప్పుకోదు. కబీర్ నారాయణ్ అని పేరు పెట్టడం ఈ రెండు నియమాల్లో దేన్నీ దాటించదు. బాప్తిస్మం ఇప్పిస్తానని మాట ఇచ్చిన తల్లి, అన్నప్రాశనకు ముహూర్తం పెట్టించుకొచ్చిన అత్తగారు, ఇద్దరినీ ప్రేమించే భర్త ఒకే వంటింట్లో నిలబడి మాట్లాడుకోవాల్సిన రోజు ఒకటి వస్తుంది. రెండున్నర గంటల సినిమా పెళ్లి దగ్గరే ముగుస్తుంది కాబట్టి అక్కడిదాకా పోలేదు. ఎనిమిది, పది భాగాల ఓటీటీ సిరీస్‌కు ఆ వ్యవధి ఉంది. తెలుగులోగానీ తమిళంలోగానీ ఆ వ్యవధిని దీనికోసం వాడుకున్న సిరీస్ నా ఎరుకలో లేదు.